మా అత్త తాగింది కల్లు కాదు

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి పాసయ్యాక మా నాన్న బడి మాన్పించేశాడు. అప్పటినుంచి నేను పెన్ను పట్టుకున్నదల్లా సంతకానికే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ అనుమానమే. పుస్తకాలు రాసేవాళ్ళ పక్కన నా రాత పెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నవ్వొస్తే నవ్వుకోండి గానీ మధ్యలో మాత్రం ఆపెయ్యకండి. ఇది మా అత్త సంగతి. నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

మాది రామచంద్రపురం దగ్గర ఒక చిన్న ఊరు. తొంభైల్లో ఊరి చివర కాలవ గట్టు పక్కన పుల్ల ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మరీ ఏదో ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఒక మూల కంప్రెసరు, మధ్యలో నడుమెత్తు ట్యాంకు. మా ఆయన అక్కడ మిషను చూసుకునేవాడు. మా అత్త, నేను ఐసు పోసే పని, తీసే పని చేసేవాళ్ళం. ఎండాకాలం వస్తే పొద్దున్నే సైకిళ్ళ వాళ్ళు డబ్బాలు కట్టుకుని షెడ్డు బయట వరసలో నిలబడేవారు.

పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాత సంగతి మీకు అర్థం కాదు. రేకు అచ్చులు ఒక ఫ్రేములో వరసగా బిగించి ఉంటాయి. అందులో రంగు కలిపిన తియ్యటి నీళ్ళు పోసి, పుల్లలు గుచ్చి, ఫ్రేముని ట్యాంకులోకి దించుతాం. ట్యాంకులో ఉండేది ఉప్పునీళ్ళు. మామూలు నీళ్ళయితే అచ్చులతో పాటు అవి కూడా గడ్డకట్టి కూర్చుంటాయి. ఉప్పు దట్టంగా కలిపితే ఎంత చల్లబడినా నీళ్ళుగానే ఉండి అచ్చు లోపలున్నదాన్ని గడ్డకట్టిస్తాయి.

ఉప్పుతో వచ్చే తంటా తుప్పు. అచ్చులకి అడుగున సూది మొనంత చిల్లులు పడేవి. చిల్లు పడిన అచ్చులోకి ఉప్పునీళ్ళు దిగి ఆ ఐసు సరిగ్గా గట్టిపడదు. పుల్ల పట్టుకుని లాగితే పుల్ల ఒక్కటే చేతికొస్తుంది. అలా మెత్తగా ఉన్నదాన్ని మా అత్త వేలితో తీసి నాలిక మీద పెట్టుకునేది. ఉప్పగా ఉంటే థూ అని ఉమ్మి, ఆ అచ్చుకి గుడ్డ పీలిక కట్టి మాటు వేయించడానికి పక్కన పెట్టేది. తియ్యగా ఉంటే చిల్లు లేదని, కంప్రెసరు సరిగ్గా లాగక మెత్తబడిందని లెక్క. ఆ తియ్యటిది అమ్మడానికి పనికిరాదు కాబట్టి పనివాళ్ళది. గ్లాసులోకి దులుపుకుని తాగేవాళ్ళం. ఉప్పుది కాలవలోకి, తియ్యటిది నోట్లోకి. ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచీ అదే పద్ధతి.

ఒక వేసవి మొదట్లో ఓనరు గారికి అచ్చుల ఖర్చు మీద విసుగొచ్చింది. ఉప్పు మానేసి ట్యాంకులో గ్లైకాల్ అనే మందు కలిపితే తుప్పు పట్టదని ఎవరో మెకానిక్కు చెప్పాడంట. మా ఆయన్ని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళి డ్రమ్ములు తెచ్చారు. ఆ సాయంత్రం అన్నం తింటూ మా ఆయన కొట్లో జరిగింది చెప్పాడు.

"రెండు రకాలున్నాయంట. ఒకదాని పేరు ప్రొపిలీను, ఇంకోదాని పేరు ఇథిలీను. చూడ్డానికి రెండూ నీళ్ళలాగే ఉన్నాయి, కాస్త చిక్కన. ఐసు కోసమైతే ప్రొపిలీను తీసుకోండి, తిండి దగ్గర వాడేది అదే, మందుల సిరప్పుల్లో కూడా కలుపుతారు అన్నాడు కొట్టాయన. ఆ రెండోది లారీల రేడియేటర్లలో పోసేదంట. నోట్లోకి పోకూడదు అన్నాడు."

"మరి ఏది తెచ్చారు?" అని అడిగింది అత్త.

"రేడియేటర్లదే. చవకని."

"నోట్లోకి పోకూడదన్నది తెచ్చి ఐసు దగ్గర పెట్టారా? మీ ఓనరుకి బుర్రుందా, అదీ గడ్డకట్టిందా?"

"నేనూ అదే అడిగానే అమ్మా. ఐసు అచ్చులో ఉంటది, మందు బయటుంటది, రెండూ ఎక్కడ కలుస్తాయిరా అన్నారు."

ఆ మాట మా అందరికీ సబబుగానే అనిపించింది. కలుస్తాయని మాకు తెలీదా? చిల్లులకి గుడ్డ పీలికలు కట్టేది మేమే. కానీ కలిస్తే నాలిక పట్టేస్తుంది అనుకున్నాం. ఇన్నేళ్ళూ పట్టింది కదా. ఆ మందు కూడా తియ్యగా ఉంటుందని కొట్టాయన చెప్పలేదో, చెబితే మా ఆయన వినలేదో.

ఉప్పునీళ్ళు తోడేసి ట్యాంకు కడిగి కొత్త మందు పోశారు. మా ఆయనే పోశాడు. అచ్చులు మాత్రం పాతవే. తుప్పు కొత్తగా పట్టదు గానీ పాత తుప్పు తిన్న చోట చిల్లులు ఎక్కడికి పోతాయి? ఆ వారమంతా మెత్తటి ఐసు ఎక్కువగా వచ్చింది. అత్త ఎప్పట్లాగే వేలితో తీసి నాలిక మీద పెట్టుకునేది. ఉప్పు తగలదు.

"ఏరా, మిషను లాగట్లేదా? అన్నీ జావలా వస్తున్నాయి" అని కొడుకుని కేకేసేది.

"మిషను బానే ఉందే. నువ్వే పాకం ఎక్కువ పోస్తున్నావు."

"నాకు చెప్తున్నావా పాకం సంగతి? నీకు చెంచాతో పాలు పోసినప్పటినుంచీ చూస్తన్నాను నేను కొలతలు."

గుడ్డ పీలిక ఒక్క అచ్చుకీ కట్టలేదు. మెత్తబడినవన్నీ సత్తు గిన్నెలో పోగేసి పనివాళ్ళ కోసం పక్కన పెట్టేది. ఆ రోజుల్లో మాతో పాటు పనిచేసిన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకని సెలవు పెట్టారు. నాకు చల్లటిది తగిలితే పళ్ళు జివ్వుమంటాయి కాబట్టి నేను ముట్టను. మా ఆయన బయట టీ కొట్టు దగ్గరికి పోతాడు. మిగిలింది అత్త. రేకుల కింద మే నెల ఎండ, కంప్రెసరు వేడి. ఒక మధ్యాహ్నం గిన్నెడు తాగింది.

"ఇయ్యాల గులాబి రంగుది మంచి రుచిగా ఉందే" అంది నాతో. ఆ మాట నాకు బాగా గుర్తు.

కాసేపటికి ఫ్రేము ఎత్తుతూ తూలింది. ఎండదెబ్బేమో అనుకుని గోడకి ఆనించి కూర్చోబెట్టాను. మాట ముద్దముద్దగా వస్తోంది. ఊరికే నవ్వుతోంది. మా అత్త అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. తరవాత వాంతి చేసుకుంది. ఐసు కోసం వచ్చిన సైకిళ్ళ వాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు.

"ముసలమ్మ గట్టిగా పట్టించినట్టుందే."

"తాటికల్లు అండి. ఈ ఎండకి పుల్లబడి తలకెక్కుద్ది."

నేను ఆవిడ నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాను. గులాబి సెంటు వాసన తప్ప ఏ వాసనా లేదు. అదే చెప్పాను వాళ్ళతో. కోడలు పరువు కాపాడుతోందిలే అన్నాడొకడు.

మా అత్త గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పనివ్వండి. మా మావయ్య తాగి తాగి పోయాడు. సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కిన రోజుల్లో మా ఊళ్ళో సారా కొట్టు ముందు చాప పరుచుకుని కూర్చున్న వాళ్ళలో మా అత్త ఉంది. తాగొచ్చిన మగవాణ్ణి ఎవరినైనా సరే వీధిలో నిలబెట్టి కడిగేసేది. ఆ కడిగించుకున్న వాళ్ళందరికీ ఆ రోజు పండగైంది. సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకిపోయింది.

రిక్షాలో ఊళ్ళో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఓనరు గారు కూడా మోటారు సైకిలు మీద వచ్చారు. లోపలికి వెళ్ళే ముందు మా ఆయన్ని పక్కకి పిలిచి ఏదో చెప్పారు. ఏం చెప్పారో నాకు తరవాత తెలిసింది. "ట్యాంకు మాట ఎత్తకు. అందులో మందు పోసింది నువ్వు. రేపు పోలీసులొస్తే చేతికి దొరికేది నువ్వే" అన్నారంట.

డాక్టరు గారు కళ్ళు లాగి చూసి, "ఏం తాగింది?" అని అడిగారు.

మా ఆయన తల దించుకుని, "ఒంటి నొప్పులకని అప్పుడప్పుడు కల్లు పుచ్చుకుంటదండి" అన్నాడు.

నేను, "లేదండీ, మా అత్త తాగదండీ" అన్నాను. డాక్టరు గారు నా వంక చూసి, మా ఆయన వంక చూశారు. కన్నకొడుకు చెప్తుంటే కోడలి మాట ఎవరు పట్టించుకుంటారు? సెలైను పెట్టి, నిద్రపోతే దిగిపోతుంది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయనకి చెప్పిందానికి ఆయన వైద్యం చేశారు.

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను. "ఎందుకు అలా చెప్పారు?"

"తెల్లారితే తేరుకుంటదిలే. నువ్వు ఊరుకో."

తెల్లారి నిజంగానే కాస్త తేరుకుంది. మాట సరిగ్గా వచ్చింది. చూశావా అన్నట్టు నా వైపు చూశాడు. కానీ మధ్యాహ్నం నుంచి నడుముకి రెండు పక్కలా నొప్పి అంది. మంచినీళ్ళు తాగుతోంది గానీ ఒంటేలుకి రావట్లేదు. మర్నాటికి మొహం ఉబ్బి, కూర్చున్న చోటే పరిగెత్తుకొచ్చినదానిలా ఆయాసపడుతోంది. పక్కింటి వాళ్ళ వ్యాను మాట్లాడుకుని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

అక్కడ చూసింది చిన్న వయసు డాక్టరమ్మ. రక్తం తీయించి, కాగితాలు చూసి, ఇది మామూలు తాగుడు లాగా లేదే అంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇంకేమైనా మింగిందా, పురుగుల మందు లాంటిది ఏమైనా, అని అడిగింది. మా ఆయన గోడకేసి చూస్తున్నాడు.

నేనే చెప్పాను. "ఐసు ఫ్యాక్టరీలో పని అండి. మెత్తబడిన ఐసు తాగింది. ట్యాంకులో ఈమధ్య గ్లైకాలని పోశారండి, అది దిగిందేమో."

ఆవిడ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "ఏ గ్లైకాల్? రెండున్నాయి. ఏదో తెలియాలి."

ఆ డ్రమ్ములు కొన్నచోట నిలబడినవాడు, మోసినవాడు, మూత తీసి పోసినవాడు నా పక్కనే ఉన్నాడు. మంచం మీద ఎగశ్వాస పీలుస్తున్నది ఆయన్ని కన్న తల్లి. ఆయన, "నాకు తెలీదండి" అన్నాడు.

ఈ రోజుకీ ఆయనకి వండిపెడుతున్నాను, బట్టలు ఉతుకుతున్నాను, జ్వరమొస్తే మందు బిళ్ళ ఇస్తున్నాను. ఆ రెండు ముక్కలు మాత్రం నాకు జీర్ణం కాలేదు.

"రేడియేటర్లలో పోసేదండి. తిండి దగ్గర వాడేది కాదు. ఇథిలీను" అన్నాను.

అప్పుడు పరుగులు మొదలయ్యాయి. పొట్టకి గొట్టం పెట్టి నీళ్ళు ఎక్కించి దింపుతూ రక్తం శుభ్రం చేశారు. అత్త బతికింది. కాస్త కుదుటపడ్డాక ఒకరోజు డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని మాకు అర్థమయ్యేలా చెప్పింది. రెండూ ఒక ఇంటిపేరు వాళ్ళలాంటివంట. చల్లబరచడానికి రెండూ పనికొస్తాయి. ప్రొపిలీను కొంచెం లోపలికి పోయినా ఒంట్లో అరిగిపోతుంది. అదీ నీళ్ళలాగా తాగేది కాదు, ఎక్కువైతే అదీ చెడ్డదే, కానీ ఆహారం దగ్గర వాడనిచ్చేది దాన్నే. ఇథిలీను అలా కాదు. తాగిన వెంటనే మత్తులా ఉంటుంది. తరవాత లివరు దాన్ని విరగ్గొట్టి ఆమ్లంగా చేస్తుంది. అది కిడ్నీల్లో గాజు పలుకుల్లా కూర్చుంటుంది. తియ్యగా ఉండడమే దానితో పెద్ద ప్రమాదం అంది. షెడ్డులో కారితే కుక్కలు, పిల్లులు కూడా నాకి చచ్చిపోతాయంట. చిన్నపిల్లలకైతే కొంచెం చాలంట.

"మొదటి రోజే తీసుకొచ్చి ఉంటే కిడ్నీల దాకా రానిచ్చేవాళ్ళం కాదు. దీనికి విరుగుడు ఉంది."

"ఏంటండి విరుగుడు?" అని అడిగాను.

ఆవిడ కొంచెం ఇబ్బందిగా, "ఆల్కహాలే. కొలత ప్రకారం మేం ఎక్కిస్తాం. లివరు ఆ పనిలో పడితే దీని జోలికి రాదు. ఇది విరగకుండానే ఒంటేలులో పోతుంది. ఇళ్ళల్లో చేసేది కాదు సుమా, ఆసుపత్రిలోనే" అంది.

అత్త కళ్ళు మూసుకుని పడుకుని ఉంది, నిద్రపోతోంది అనుకున్నాం.

"అయితే ఊళ్ళో వాళ్ళు అనుకున్నట్టు నేను నిజంగానే తాగుంటే ఇంత బాధ పడేదాన్ని కాదన్నమాట" అంది. డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

ఇంటికి తీసుకొచ్చాం గానీ మనిషి మనిషిలా లేదు. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి. కాళ్ళు ఉబ్బేవి. అరుగు మీద కూర్చుంటే దారినపోయే మగవాళ్ళు, "ఏం పిన్నీ, మానేశావా?" అని పలకరించేవారు. పాతరోజుల్లో అయితే ఇంటిదాకా తరిమి కొట్టేది. ఇప్పుడు తల తిప్పుకునేది. రాన్రాను అరుగు మీదకి రావడమే మానేసింది.

ఓనరు గారు అరటిపళ్ళ గెల పట్టుకుని చూడ్డానికి వచ్చారు. "మీ అబ్బాయి పని ఎక్కడికీ పోదమ్మా, నేనున్నాను" అన్నారు. ఆయన అటు వెళ్ళగానే అత్త ఆ గెల ఎదురింటి గేదెకి వేయించింది. ఆయన ట్యాంకు ఖాళీ చేయించి ఆ రెండో రకం, ప్రొపిలీను, పోయించారు. అచ్చులు కూడా కొత్తవి తెప్పించారు. పిల్లలు తినే వస్తువు కదా, ఖర్చైనా మంచిదే పెట్టాడని ఊళ్ళో పేరొచ్చింది. అంతకు ముందు ఆ ఐసు తిన్న పిల్లల్లో ఎవరికైనా కడుపునొప్పి, వాంతులు వచ్చాయా అని నేను ఇల్లిల్లూ తిరిగి అడగలేదు. జావలా ఉన్నవి అమ్మలేదు, గట్టివే వెళ్ళాయి అని నాకు నేను చెప్పుకుంటాను. గట్టివాటిలో చుక్క కూడా లేదని మాత్రం ఎవరు చెప్పగలరు?

అత్త తనకి జరిగిన అన్యాయం గురించి కొడుకుని ఒక్కమాట అనలేదు. నన్ను మాత్రం ఒకసారి పిలిచి, "వాడు చెప్పడు. భయం వాడికి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తాగొస్తే మంచం కింద దూరేవాడు. నువ్వైనా చెప్పు. తాగుబోతుదన్న పేరుతో పోవడం నాకిష్టం లేదు" అంది. అలాగే అత్తా అన్నాను.

తరవాతి ఎండాకాలం రాకముందే పోయింది.

పెద్ద కార్యం నాడు మా వైపు ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఫోటో ముందు విస్తట్లో పెడతాం. చుట్ట కాల్చేవాళ్ళకి చుట్ట, సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి సినిమా పుస్తకం కూడా పెట్టడం చూశాను. నేను పొద్దున్నే లేచి ఆవిడకి ఇష్టమైన పులస ముక్క దొరక్క చందువా పులుసు, మినప సున్నుండలు, తమలపాకులు పెట్టాను. చుట్టాలు ఒక్కొక్కరూ వచ్చి తలా ఒకటి పెడుతున్నారు. మా అత్తకి వరసకి తమ్ముడయ్యే ఆయన సంచిలోంచి సీసా తీసి విస్తరి పక్కన పెట్టాడు. కల్లు.

ఆయన ఎగతాళికి పెట్టలేదు. అదే బాధ. కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "బతికుండగా దాచుకుని తాగావు, ఇప్పుడు దర్జాగా పుచ్చుకో అక్కా" అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా తలలూపారు.

నాకు ఒళ్ళంతా మండిపోయింది. మా ఆయన ఫోటో పక్కనే పంచె కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"చెప్పండి" అన్నాను.

"ఏంటి చెప్పేది?"

"మీ అమ్మ ఏం తాగిందో వీళ్ళకి చెప్పండి. ఇక ఆవిడ అడగదు. ఈ ఒక్కసారీ చెప్పండి."

ఆయన సీసా వంక చూశాడు, నా వంక చూశాడు. పెదాలు కదిలాయి. చెప్తాడు అనుకున్నాను. చేతులు చాపి సీసా తీసుకుని, లేచి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. పారబోసి వస్తాడేమో అనుకున్నాను. బావి గోడ మీద జాగ్రత్తగా నిలబెట్టి వచ్చి మళ్ళీ అదే చోట కూర్చున్నాడు.

నేనే చెప్పాను. ట్యాంకు సంగతి, డ్రమ్ముల సంగతి, కాకినాడ డాక్టరమ్మ చెప్పిన సంగతి, అన్నీ. ఏడుస్తూ చెప్పడం వల్ల సగం మాటలు ఎవరికీ అందలేదు. మా పెదమావయ్య గారు, "పోయినావిడ మంచిదే అమ్మా, కాదన్నదెవరు? కార్యం పూట గొడవెందుకు, వడ్డన కానివ్వండి" అన్నారు. వడ్డన అయింది. ఆ సీసా సాయంత్రం ఎవరు తాగారో తెలీదు. మర్నాడు బావి దగ్గర ఖాళీగా పడి ఉంది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. ఓనరు గారు పోయారు. మా ఆయన ఉన్నాడు, అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటాడు. ఇది అచ్చయితే ఆయన చదువుతాడు. చదివి ఏమంటాడో తెలీదు, ఏమీ అనకపోవచ్చు. ఆ రోజు నేను ఏడుస్తూ చెప్పాను కాబట్టి ఎవరూ వినలేదు. ఈసారి ఏడవకుండా, ఒక్కో మాటా కూడబలుక్కుని రాశాను. మా అత్త తాగింది కల్లు కాదు, ఐసు ట్యాంకులోంచి అచ్చులోకి దిగిన ఇథిలీన్ గ్లైకాల్. మా ఊరివాళ్ళు ఎవరైనా చదివితే పక్కవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

ఆ మందుల పేర్లు పలికినట్టే రాశాను, అవి తప్పో ఒప్పో తెలీదు. అక్షరాలు కూడా చాలాచోట్ల తప్పుపోయి ఉంటాయి. దిద్దిపెట్టేవాళ్ళు ఇంట్లో లేరు. పెద్ద మనసు చేసుకుని వాటిని క్షమించండి.